స్విచ్డ్ డిజిటల్ వీడియో: గ్రూప్‌కు 8 క్యారియర్లు చాలుతాయా? చానెల్ మధ్యలో ఎందుకు పోతోంది?

హబ్‌రూమ్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. క్యారియర్‌కు 6 మెగాహెర్ట్జ్ వెడల్పున్న మా కేబుల్ టీవీ ప్లాంట్‌లో స్విచ్డ్ డిజిటల్ వీడియో (ఎస్‌డీవీ: అన్ని చానెళ్లూ ఎప్పుడూ పంపకుండా, ఎవరైనా అడిగినవే పంపే పద్ధతి) పెట్టే పని నడుస్తోంది. సర్వీస్ గ్రూప్‌కు (అవే క్యారియర్లను పంచుకునే ఇళ్ల గుంపు) సుమారు 500 సెట్‌టాప్ బాక్సులు. స్విచ్డ్ వైపుకు మార్చాలనుకుంటున్నవి 90 ఎస్‌డీ, 24 హెచ్‌డీ చానెళ్లు, అన్నీ ఎంపెగ్-2. గ్రూప్‌కు 8 క్యారియర్లు (256 క్వామ్ అనే డిజిటల్ మాడ్యులేషన్‌లో చానెళ్లను మోసే ఫ్రీక్వెన్సీ పట్టీలు) ఇవ్వగలం. అడగాల్సినవి మూడు.

మొదటిది, గొలుసులో ఏ పరికరాలు తప్పనిసరి? రెండోది, 8 క్యారియర్లు సరిపోతాయా? మూడోది, పరీక్ష కోసం ఎంచుకున్న ఒక గ్రూప్‌లో రెండు తేడాలు కనిపిస్తున్నాయి:

(అ) కొన్ని చానెళ్లు తెరిచిన నాలుగు నిమిషాల తర్వాత ఆగిపోతాయి. వేరే చానెల్‌కు వెళ్లి వెంటనే తిరిగొచ్చినా నల్ల తెరే. చాలాసేపటి తర్వాత తెరిస్తే వస్తుంది, మళ్లీ అంతసేపే ఉంటుంది.

(ఆ) ఒకే వీధిలోని కొన్ని ఇళ్లలో చానెల్ చక్కగా వస్తూ వస్తూ రాత్రి 8 నుంచి 10 మధ్య హఠాత్తుగా పోతుంది. పగలు ఎప్పుడూ పోదు. సర్వర్ లాగ్‌లో ఆ బాక్సుల పేరు మీద ఒక్క ఎర్రర్ కూడా లేదు.

ఈ రెండూ ఒకే జబ్బా, వేర్వేరా?

వేగుచుక్క:

హబ్‌రూమ్ గారూ, ముందు పరికరాల సంగతి. వీడియో నడిచే దారి ఒకటి, ఆజ్ఞలు నడిచే దారి ఒకటి. రెండింటినీ విడివిడిగా గీసుకుంటేనే తప్పు ఎక్కడుందో దొరుకుతుంది.

వీడియో దారిలో మొదట రిసీవర్లు, వాటి తర్వాత బిట్‌రేట్‌ను బిగించే క్లాంపర్. దీన్ని వదిలేద్దామని చాలామందికి అనిపిస్తుంది. వదలొద్దు. ఉపగ్రహం నుంచి వచ్చే మల్టీప్లెక్స్‌లో ఒక్కో చానెల్ బిట్‌రేట్ క్షణక్షణం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మామూలు బ్రాడ్‌కాస్ట్‌లో ఒకటి పెరిగినప్పుడు ఇంకొకటి తగ్గేలా స్టాట్ మక్స్ (చానెళ్ల మధ్య బిట్‌రేట్ పంచే పరికరం) సర్దుతుంది. స్విచ్డ్‌లో ఏ క్యారియర్ మీద ఏ చానెల్ పక్కన ఏది కూర్చుంటుందో ముందు తెలియదు కాబట్టి ఆ సర్దుబాటు కుదరదు. ప్రతి చానెల్‌నూ విడిగా సింగిల్ ప్రోగ్రామ్ స్ట్రీమ్‌గా తీసి, దాని పైహద్దు గట్టిగా బిగించాలి. ఎస్‌డీకి 3.75 మెగాబిట్లు అని అందరూ వాడే అంకె ఊరికే రాలేదు. 256 క్వామ్ క్యారియర్ 38.8 మెగాబిట్లు మోస్తుంది, 10 ఎస్‌డీ చానెళ్లు 37.5 తీసుకుంటాయి, మిగిలిన 1.3లో టేబుళ్లు, మినీ కరోసెల్ (ఏ చానెల్ ఎక్కడ నడుస్తోందో చెప్పే పట్టిక) సర్దుకుంటాయి.

తర్వాత బల్క్ ఎన్‌క్రిప్టర్. ఒక చానెల్‌ను ఒక్కసారే స్క్రాంబుల్ చేసి మల్టీకాస్ట్‌లో (ఒకే స్ట్రీమ్‌ను కావాల్సినవాళ్లందరూ అందుకునే పద్ధతి) వదిలితే అన్ని హబ్‌లూ (ప్రాంతీయ పంపిణీ కేంద్రాలు) అదే వాడుకుంటాయి. ఎడ్జ్ క్వామ్‌లోనే (ఐపీ స్ట్రీములను కేబుల్ క్యారియర్ల మీదికి ఎక్కించే పెట్టె) స్క్రాంబుల్ చేసే పద్ధతీ ఉంది కానీ, అందులో సెషన్ కట్టిన ప్రతిసారీ కీ ఏర్పాటు కూడా జరగాలి. చానెల్ మార్పు ఆలస్యమయ్యే చోటు అదొకటి.

ఆ తర్వాత గిగాబిట్ ఈథర్నెట్ స్విచ్చులు, రౌటర్లు, ఎడ్జ్ క్వామ్‌లు. హార్మోనిక్ ఎన్‌ఎస్‌జీ 9000, సిస్కో ఆర్‌ఎఫ్‌జీడబ్ల్యూ-1, ఆరిస్ డీ5 లాంటివి ఎడ్జ్ క్వామ్‌లే. ఎడ్జ్ క్వామ్ నుంచి కంబైనర్ (సిగ్నళ్లను ఒక తీగలో కలిపేది), ఫైబర్‌లోకి పంపే లేజర్, ఫైబర్ నుంచి వీధి కోయాక్స్‌కు మార్చే నోడ్.

ఆజ్ఞల దారిలో ఎస్‌డీవీ సర్వర్, క్వామ్ బ్యాండ్‌విడ్త్‌ను పంచే ఎడ్జ్ రిసోర్స్ మేనేజర్, బాక్స్ మాట వినే రిటర్న్ డీమాడ్యులేటర్లు ఉంటాయి. బాక్స్ "ఈ చానెల్ కావాలి" అంటుంది. సర్వర్ క్యారియర్‌లో చోటు చూసి, ఎడ్జ్ క్వామ్‌ను ఆ మల్టీకాస్ట్‌లో చేరమంటుంది. తర్వాత బాక్స్‌కు ఫ్రీక్వెన్సీ, ప్రోగ్రామ్ నంబర్ చెబుతుంది. సర్వర్‌కు జంట తప్పనిసరి. అది ఆగినా అప్పటికే కట్టిన సెషన్లు నడుస్తూనే ఉంటాయి కానీ, కొత్త చానెల్ ఒక్కటీ తెరుచుకోదు.

ఏడోప్యాకెట్:

(అ) సంగతి నేను చెప్తాను. మీరు "నాలుగు నిమిషాలు" అన్నారు, స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. 4 నిమిషాల 20 సెకన్లకు దగ్గరగా ఉంటే అది ఐజీఎంపీ (మల్టీకాస్ట్‌లో చేరడం, వీడడం చెప్పుకునే ప్రోటోకాల్) క్వెరియర్ లేకపోవడమే, ఇంకేం వెతకక్కర్లేదు.

ఎడ్జ్ క్వామ్ మల్టీకాస్ట్‌లో చేరేటప్పుడు ఒక రిపోర్ట్ పంపుతుంది. మధ్యలో స్నూపింగ్ (ఆ రిపోర్టులను గమనించే సదుపాయం) ఉన్న స్విచ్ దాన్ని చూసి ఆ పోర్ట్‌కు స్ట్రీమ్ తెరుస్తుంది. ఆ తర్వాత క్వెరియర్ 125 సెకన్లకోసారి "ఇంకా ఎవరైనా చూస్తున్నారా" అని అడగాలి, ఎడ్జ్ క్వామ్ మళ్లీ రిపోర్ట్ ఇవ్వాలి. అడిగేవాళ్లే లేకపోతే ఎడ్జ్ క్వామ్ పలకదు. స్విచ్ రెండు విడతలు, ఇంకో 10 సెకన్లు ఆగుతుంది. 125 రెండుసార్లు, దానికి 10 కలిపితే 260 సెకన్లు. అప్పుడు పోర్ట్ మూసేస్తుంది.

వేరే చానెల్‌కు వెళ్లి తిరిగొచ్చినా ఎందుకు రాదంటే, ఎడ్జ్ క్వామ్ దృష్టిలో అది ఇంకా ఆ గ్రూప్‌లో సభ్యురాలే. సర్వర్ దృష్టిలో సెషన్ బతికే ఉంది. కాబట్టి కొత్త రిపోర్ట్ వెళ్లదు. చాలాసేపటికి సర్వర్ ఆ సెషన్‌ను తీసేసి మళ్లీ కట్టినప్పుడే కొత్త రిపోర్ట్ వెళ్తుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే.

ఎడ్జ్ క్వామ్ నేరుగా రౌటర్ పోర్ట్‌కు తగిలి ఉంటే ఈ బాధ ఉండదు, పిమ్ (మల్టీకాస్ట్ రౌటింగ్ ప్రోటోకాల్) నడిచే ఇంటర్‌ఫేస్ తానే క్వెరియర్ అవుతుంది. మధ్యలో రౌటర్ లేని ఉత్త లేయర్ 2 వీల్యాన్ (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) ఉన్న హబ్‌లోనే వస్తుంది. అందుకే మీకు అన్నీ కాకుండా కొన్ని చానెళ్లే పోతున్నాయి. ఆ చానెళ్లు ఎడ్జ్ క్వామ్‌లో ఏ ఇన్‌పుట్ పోర్ట్ నుంచి వస్తున్నాయో చూడండి. ఆ వీల్యాన్‌లో స్విచ్‌కు ఐపీ అడ్రస్ ఇచ్చి స్నూపింగ్ క్వెరియర్ ఆన్ చేస్తే సరి. స్నూపింగ్‌నే ఆపేయమని ఎవరైనా చెబితే వినకండి. అన్ని స్ట్రీములూ అన్ని పోర్ట్‌లకూ పోసి గిగాబిట్ లింకును ముంచేస్తాయి.

పనిలో పనిగా ఇంకోటి చూడండి. సోర్స్ అడ్రస్‌తో సహా చేరే పద్ధతి వాడుతుంటే, అంటే ఒకే గ్రూప్ అడ్రస్‌కు రెండు సోర్సులు పెట్టి ఒకటి పోతే ఇంకోటి తీసుకునేలా ఉంటే, స్విచ్ ఐజీఎంపీ వెర్షన్ 3ను సరిగ్గా చదవగలగాలి. వెర్షన్ 2 వరకే తెలిసిన స్విచ్చుల్లో కొన్ని ఆ రిపోర్టును పట్టించుకోవు, కొన్ని అందరికీ పోస్తాయి.

లింకు లెక్క కూడా. ఒక యూడీపీ ప్యాకెట్‌లో 188 బైట్ల ట్రాన్స్‌పోర్ట్ ప్యాకెట్లు 7, అంటే 1316 బైట్లు. హెడర్లు, ఈథర్నెట్ ఖాళీ విరామం కలిపితే తీగ మీద 1382. అంటే 3.75 మెగాబిట్ల చానెల్ లింకు మీద 3.94 తీసుకుంటుంది. గిగాబిట్ పోర్ట్‌లో కాగితం మీద 253 చానెళ్లు పడతాయి, 220 దాటనివ్వకపోవడం మంచిది. ఎడ్జ్ క్వామ్‌లో చాలా క్యారియర్లున్నా, ఒకే చానెల్ నాలుగు గ్రూపులకు వెళ్తుంటే అది ఒక్కసారే లోపలికి వచ్చి పెట్టెలోనే నకళ్లవుతుంది. కాబట్టి ఇన్‌పుట్ పోర్ట్‌లను క్యారియర్ల సంఖ్యతో గుణించి కొనక్కర్లేదు.

నీలితెర:

8 క్యారియర్ల ప్రశ్నకు ఎవరూ రాలేదు కాబట్టి నేను చెప్తాను. హెచ్‌డీని 12.5 మెగాబిట్లకు బిగిస్తే క్యారియర్‌కు 3, ఎస్‌డీ అయితే 10. మీ 114 చానెళ్లూ బ్రాడ్‌కాస్ట్‌లో పెడితే ఎస్‌డీకి 9, హెచ్‌డీకి 8, మొత్తం 17 క్యారియర్లు. మీ దగ్గరున్నవి 8, అంటే ఒకే సమయంలో ఉదాహరణకు 40 ఎస్‌డీ, 12 హెచ్‌డీ. 500 బాక్సుల్లో ఎన్ని ఆన్‌లో ఉన్నాయన్నది కాదు, అవి ఎన్ని వేర్వేరు స్విచ్డ్ చానెళ్ల మీద ఉన్నాయన్నదే లెక్క. ఒకే చానెల్ వందమంది చూసినా ఒక్క స్ట్రీమే.

అందుకే ఏవి స్విచ్డ్‌లోకి వెళ్లాలో ఎంచుకోవడం క్వామ్‌లు కొనడం కంటే ముఖ్యం. ప్రతి గ్రూప్‌లో ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు చూసే చానెల్‌ను స్విచ్డ్‌లో పెడితే ఆదా అయ్యేది సున్నా, పైగా సర్వర్ మీద భారం. వాటిని బ్రాడ్‌కాస్ట్‌లోనే ఉంచండి. అత్యవసర హెచ్చరిక వచ్చినప్పుడు బాక్సులన్నీ బలవంతంగా మారాల్సిన చానెల్ కూడా బ్రాడ్‌కాస్ట్‌లోనే ఉండాలి. అన్ని బాక్సులూ ఒక్క క్షణంలో సర్వర్‌ను అడిగే పరిస్థితి తెచ్చుకోకూడదు.

15 మెగాబిట్ల దగ్గర బిగించాల్సిన హెచ్‌డీ ఉంటే, ముఖ్యంగా ఆటలు, క్యారియర్‌కు 2 హెచ్‌డీతో పాటు 2 ఎస్‌డీ పడతాయి. మొత్తం మళ్లీ 37.5. ఇలాంటివి నాలుగైదు ఉన్నా మీ లెక్క మారుతుంది.

అసలు ఇబ్బంది కూడికలో ఉండదు, ముక్కల్లో ఉంటుంది. నాలుగు క్యారియర్లలో ఒక్కోదాంట్లో 8 మెగాబిట్లు ఖాళీ ఉందనుకోండి. కూడితే 32, కానీ ఒక్క హెచ్‌డీ కూడా ఇమడదు. "ఖాళీ ఉంది, అయినా చానెల్ దొరకలేదు" అని సర్వర్ అంటే కారణం ఇదే. ఎవరో చూస్తున్న చానెల్‌ను ఇంకో క్యారియర్‌కు జరపడం అంత తేలిక కాదు, తెర ఒక్క క్షణం ఆగుతుంది. కాబట్టి మొదటి నుంచే ఎస్‌డీలను ఒక చివర నుంచి, హెచ్‌డీలను ఇంకో చివర నుంచి నింపేలా రిసోర్స్ మేనేజర్‌లో విధానం పెట్టండి. చూసేవాళ్లు లేని సెషన్‌ను వెంటనే తీసెయ్యకుండా, చోటు కావాల్సినప్పుడే తీసేలా ఉంచండి. ఎవరైనా అదే చానెల్‌కు వస్తే కొత్తగా కట్టే పని తప్పుతుంది.

టీవీ ఆపి బాక్స్ ఆన్‌లోనే వదిలేసే ఇళ్లు చాలా ఉంటాయి. బాక్స్ చివరి కీ నొక్కిన సమయాన్ని సర్వర్‌కు చెబుతుంది. 4 గంటలు కీ నొక్కకపోతే "చూస్తున్నారా" అని తెర మీద అడిగి, జవాబు లేకపోతే చోటు వెనక్కి తీసుకోవచ్చు. రికార్డింగ్‌లో ఉన్న ట్యూనర్‌ను మాత్రం దీని నుంచి మినహాయించాలి.

మీ (ఆ) సమస్య కూడా రద్దీ వేళలోనే వస్తోంది కాబట్టి అది కూడా చోటు చాలక వచ్చేదే అనిపిస్తోంది. 8ని 10 చేసి చూడండి.

రిటర్న్‌దారి:

నీలితెర గారూ, లెక్కంతా సరే కానీ చివరి మాటతో ఏకీభవించను. చోటు చాలకపోతే కొత్తగా అడిగినవాళ్లకు చానెల్ దొరకదు. చూస్తున్నవాళ్లది పోదు. ఇక్కడ చూస్తున్నవాళ్లదే పోతోంది, అదీ ఒకే వీధిలో, సర్వర్‌లో ఆ బాక్సుల జాడే లేకుండా. రెండు క్యారియర్లు పెంచితే జబ్బు దాక్కుంటుంది, నయం కాదు.

ఎర్రర్ లేకపోవడమే ఇక్కడ ఆధారం. ఆ బాక్సుల మాట సర్వర్‌కు చేరడమే లేదు, రిటర్న్ పాత్ (ఇంటి నుంచి పైకి వెళ్లే దారి) చచ్చిపోయింది. మరి చానెల్ ఎలా వస్తోంది? మినీ కరోసెల్ వల్ల. ప్రస్తుతం ఏయే చానెళ్లు ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ ప్రోగ్రామ్ నంబర్ మీద నడుస్తున్నాయో ఆ పట్టిక క్యారియర్ల లోపలే తిరుగుతూ ఉంటుంది. అప్పటికే పక్కింటివాళ్లు చూస్తున్న చానెల్ అయితే బాక్స్ ఆ పట్టిక చదివి తానే ట్యూన్ అయిపోతుంది, సర్వర్ జవాబు కోసం ఆగదు. "నేను ఇక్కడున్నాను" అని ఒక సందేశం పంపుతుంది, అది దారిలోనే పోతుంది.

ఇప్పుడు పక్కింటివాళ్లు చానెల్ మార్చారు. సర్వర్ లెక్కలో ఆ చానెల్‌కు చూసేవాళ్లు సున్నా. పగలు చోటు దండిగా ఉంటుంది కాబట్టి సెషన్‌ను ముట్టుకోదు. రాత్రి 8 తర్వాత చోటు కావాల్సి వస్తుంది, సున్నా ఉన్నదాన్ని తీసేస్తుంది. ఈ ఇంట్లో తెర పోతుంది. సర్వర్ చేసింది దాని లెక్క ప్రకారం సరైన పనే, అందుకే లాగ్ శుభ్రంగా ఉంది.

దీన్ని తేల్చే పరీక్ష చిన్నది. ఆ ఇంట్లో, ఆ గ్రూప్‌లో ఎవరూ చూడని చానెల్ ఒకటి తెరవండి. సర్వర్ తెరలో చూస్తే ఏవి నడవడం లేదో తెలుస్తుంది. అది రాకుండా, నడుస్తున్న చానెల్ మాత్రం వెంటనే వస్తే రిటర్న్ లేనట్టే. తర్వాత సర్వర్‌లో ఆరంభ సందేశం (బాక్స్ మొదలయ్యాక సర్వర్‌కు పంపే తొలి మాట) పంపిన బాక్సుల జాబితా తీసి, ఆ గ్రూప్ కనెక్షన్ల జాబితాతో పోల్చండి. తేడా వచ్చిన పేర్లే మీరు వెళ్లాల్సిన ఇళ్లు.

ఇంట్లో బాక్స్ డయాగ్నొస్టిక్ పేజీలో పంపే స్థాయి చూడండి. గరిష్ఠానికి అంటుకుని ఉంటే మధ్యలో నష్టం ఎక్కువ. రెండు దారుల స్ప్లిటర్ 3.5 డెసిబెల్స్, నాలుగు దారులది 7, ఎనిమిది దారులది 11 తింటుంది. ఒకదాని వెనక ఒకటి పెట్టిన ఇళ్లలో డౌన్‌స్ట్రీమ్ బాగానే కనిపిస్తుంది, రిటర్న్ మాత్రం చేరదు.

కోయాక్స్:

రిటర్న్‌దారి గారు చెప్పినది సరైనది. ఆర్‌ఎఫ్ వైపు నుంచి రెండు మాటలు కలుపుతాను. ఇవి పట్టించుకోకపోతే రిటర్న్ బాగున్నా ఇలాంటి ఫిర్యాదులే వస్తాయి.

ఒకటి, బాక్స్ తానే ఏ గ్రూప్‌లో ఉందో ఎలా తెలుసుకుంటుందంటే, నిర్ణయించిన ఫ్రీక్వెన్సీల్లో ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ ఐడీలు చదివి, సర్వర్ ఇచ్చిన పట్టికతో పోల్చుకుంటుంది. కంబైనర్ దగ్గర రెండు గ్రూపుల తీగలు అటూ ఇటూ మారితే, లేదా రెండు క్వామ్‌లకు ఒకే ఐడీ పడితే, సర్వర్ ఒక గ్రూప్‌లో సెషన్ కడుతుంది, బాక్స్ ఇంకో గ్రూప్ సిగ్నల్ చూస్తూ ఉంటుంది. నల్ల తెర రావచ్చు, అడిగింది ఒకటైతే ఇంకో చానెల్ కనిపించవచ్చు. ఐడీ మొత్తం సిస్టమ్‌లో ఒక్కటే ఉండాలి. ఫీల్డ్ మీటర్‌తో నోడ్ దగ్గర చదివి కాగితం మీది మ్యాప్‌తో సరిచూడండి. హెడ్‌ఎండ్‌లో కూర్చుని సరిచూస్తే ఆ మ్యాప్‌నే మళ్లీ చదువుకున్నట్టు అవుతుంది.

రెండు, అన్ని గ్రూపులూ ఈ 8 క్యారియర్లకు అవే ఫ్రీక్వెన్సీలు వాడతాయి. కాబట్టి కంబైనర్‌లో ఒక గ్రూప్ సిగ్నల్ పక్క గ్రూప్‌లోకి కారితే దాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. కారినది 30 డెసిబెల్స్ కిందే ఉంటే మీ ఎంఈఆర్ (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే కొలత) 30కి మించి రాదు, 256 క్వామ్ ఆ స్థాయిలో అంచు మీద నడుస్తుంది. చూసే పద్ధతి సులువు: నిర్వహణ వేళలో ఒక గ్రూప్ క్వామ్ పోర్ట్ ఆపి, ఆ గ్రూప్ లేజర్ ఇన్‌పుట్ దగ్గర అదే ఫ్రీక్వెన్సీలో ఏం మిగిలిందో అనలైజర్‌లో చూడండి. వాడని స్ప్లిటర్ పోర్ట్‌లన్నింటికీ 75 ఓమ్‌ల టర్మినేటర్ బిగించండి. ఖాళీగా వదిలిన ఒక్క పోర్ట్ చాలు, ఐసొలేషన్ (పోర్ట్‌ల మధ్య సిగ్నల్ కారకుండా ఉండడం) పడిపోతుంది.

క్వామ్ పోర్ట్ స్థాయి కూడా ముందే లెక్కలో పెట్టుకోండి. డాక్సిస్ (కేబుల్ మీద డేటా పంపే ప్రమాణాలు) ఆర్‌ఎఫ్ ప్రమాణం ప్రకారం పోర్ట్ మీద ఒకే క్యారియర్ ఉంటే 60 డీబీఎంవీ (సిగ్నల్ స్థాయి కొలమానం) వరకూ ఇవ్వాలి, రెండుంటే ఒక్కోదానికి 56, మూడుకు 54, నాలుగుకు 52. రెండు క్యారియర్లతో కట్టిన కంబైనింగ్‌లోకి నాలుగు క్యారియర్ల పోర్ట్ తెచ్చి పెడితే ఆ 4 డెసిబెల్స్ ఎక్కడో తగ్గినట్టు కనిపిస్తుంది.

ఏడోప్యాకెట్:

ఇంకో మాట. మీ చందాదారుల్లో కేబుల్‌కార్డ్‌తో (స్క్రాంబుల్ విప్పే కార్డు) సొంత రికార్డర్లు వాడేవాళ్లుంటే వాళ్లకు ట్యూనింగ్ అడాప్టర్ ఇవ్వాలి. సిస్కో ఎస్‌టీఏ1520, మోటరోలా ఎంటీఆర్700 ఇలాంటివే. రికార్డర్ తానుగా పైకి మాట పంపలేదు. యూఎస్‌బీ ద్వారా అడాప్టర్‌ను అడుగుతుంది, అడాప్టర్ సర్వర్‌ను అడిగి ఫ్రీక్వెన్సీ, ప్రోగ్రామ్ నంబర్ తెచ్చి ఇస్తుంది. యూఎస్‌బీ మీద నడిచేవి ఈ మాటలే, వీడియో కాదు. ఇంట్లో కోయాక్స్ మీద మోకా నెట్‌వర్క్ కూడా నడుస్తుంటే అడాప్టర్ ముందు మోకా ఫిల్టర్ పెట్టండి, ఆ సిగ్నల్ దాన్ని తికమక పెడుతుంది.

హబ్‌రూమ్:

అందరికీ కృతజ్ఞతలు. (అ) 4 నిమిషాల 20 సెకన్లే. ఆ చానెళ్లన్నీ ఒకే ఇన్‌పుట్ పోర్ట్‌వి, ఆ వీల్యాన్‌లో క్వెరియర్ లేదు. పెట్టాక 6 గంటలుగా ఆగలేదు.

(ఆ)లో రిటర్న్‌దారి గారి పరీక్ష చేశాం. ఎవరూ చూడని చానెల్ రాలేదు, నడుస్తున్నది వెంటనే వచ్చింది. జాబితాలు పోలిస్తే ఆ గ్రూప్‌లో 11 బాక్సులు ఒక్కసారి కూడా ఆరంభ సందేశం పంపలేదు. అన్నీ రెండు ట్యాప్‌ల (వీధి తీగ నుంచి ఇళ్లకు సిగ్నల్ విడదీసే పెట్టెలు) మీదివే. ఆ ట్యాప్ పోర్ట్‌లకు హై-పాస్ ఫిల్టర్లు బిగించి ఉన్నాయి. రిటర్న్ అవసరం లేని రోజుల్లో, కింది ఫ్రీక్వెన్సీల శబ్దం ఇంట్లోంచి పైకి రాకుండా పెట్టినవి. తీసెయ్యమంటారా?

రిటర్న్‌దారి:

తీయాలి, కానీ అన్నీ ఒకేసారి తీయకండి. ఆ ఫిల్టర్ అక్కడ పెట్టడానికి ఏదో కారణం ఉండి ఉంటుంది. నోడ్ కింద ఉన్న ఇళ్లన్నింటి శబ్దం రిటర్న్‌లో ఒకే చోటికి చేరుతుంది. వదులైన కనెక్టర్ ఉన్న ఒక్క ఇల్లు చాలు, మొత్తం నోడ్ బాక్సుల మాట సర్వర్‌కు వినపడకుండా చేస్తుంది. ఇప్పుడు 11 బాక్సులు బాధపడుతున్నాయి, అప్పుడు 500 బాధపడతాయి.

ముందు ట్యాప్ దగ్గర ఆ ఇంటి తీగ విప్పి, ఇంటి వైపు నుంచి 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ మధ్య ఏం వస్తోందో మీటర్‌లో చూడండి. శుభ్రంగా ఉంటే ఫిల్టర్ లేకుండా తగిలించండి. శబ్దం ఉంటే ఇంట్లో కనెక్టర్లు మార్చి, వాడని గోడ పోర్ట్‌లకు టర్మినేటర్లు పెట్టి మళ్లీ చూడండి. ఒక్కో ఇల్లు కలిపాక హబ్‌లో ఆ నోడ్ రిటర్న్ అడుగుమట్టాన్ని పది నిమిషాలు గమనించి, తర్వాతే రెండో ఇంటికి వెళ్లండి. కలిపిన వెంటనే ఆ బాక్స్‌ను రీబూట్ చేయించి, సర్వర్ జాబితాలో దాని పేరు వచ్చిందో లేదో అక్కడ నిలబడే చూసుకోండి.